సాంఘిక శాస్త్ర బోధనలో అంతర్జాలం, డిజిటల్ సాధనాలు

ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• సాంఘిక శాస్త్ర పాఠానికి తగిన డిజిటల్ సాధనాన్ని ఎంచుకోగలుగుతారు.
• అంతర్జాలంలో దొరికిన సమాచారం ఎవరిదో, ఏ కాలానిదో విద్యార్థులచేత పరిశీలింపజేయగలుగుతారు.
• తక్కువ సౌకర్యాలున్న తరగతిలో ఇటువంటి కృత్యాన్ని నిర్వహించగలుగుతారు.

1. ప్రస్తావన

పాఠ్యపుస్తకంలోని సమాచారం అది ముద్రణకు వెళ్ళిన నాటిది. పైగా రాష్ట్రం మొత్తానికి రాసిన పుస్తకంలో మీ విద్యార్థి ఊరికి చోటు ఉండదు. ఈ రెండు లోట్లను అంతర్జాలం కొంతవరకు తీరుస్తుంది. 2017లో ప్రారంభమైన దీక్షా వేదిక వల్ల పుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో చదివి వీడియో పాఠాన్ని తెరవవచ్చు. తెలుగు వికీపీడియాలో మండలాలు, గ్రామాల గురించి కూడా వ్యాసాలున్నాయి.

అయితే పాఠ్యపుస్తకాన్ని నిపుణులు పరిశీలించి అచ్చుకు పంపుతారు. అంతర్జాలంలోని ప్రతి పుటకూ అటువంటి పరిశీలన ఉండదు. ఆ బాధ్యత ఉపాధ్యాయుడిదే అవుతుంది. దానిని విద్యార్థికి ఎలా నేర్పాలో వాల్మీకిపురం, దాని చుట్టుపక్కల ప్రాంతాల ఉదాహరణలతో తెలుసుకుందాం.

2. ఒకే ఊరు, మూడు జిల్లాలు

“వాల్మీకిపురం ఏ జిల్లాలో ఉంది?” అనే ప్రశ్నను విద్యార్థులకు ఇవ్వండి. వారు కడప, చిత్తూరు, అన్నమయ్య అనే మూడు సమాధానాలు తెచ్చే అవకాశం ఉంది. ఏది తప్పు? ఏదీ తప్పు కాదు. ప్రతి సమాధానం ఒక్కో కాలానికి చెందినది.

వాల్మీకిపురం పాత పేరు వాయల్పాడు. మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు అప్పట్లో కడప జిల్లాలో ఉండేవి. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు వాటిని అందులో చేర్చారు. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలోని 13 జిల్లాలు 26 అయినప్పుడు మదనపల్లె, వాల్మీకిపురం రాయచోటి కేంద్రంగా ఏర్పడిన అన్నమయ్య జిల్లాలోకి వెళ్ళాయి. పుంగనూరు, కుప్పం చిత్తూరు జిల్లాలోనే మిగిలాయి. జిల్లాల హద్దులు తరువాత కూడా మారవచ్చు కాబట్టి పాఠం చెప్పే ముందు ప్రభుత్వ ఉత్తర్వులను చూసుకోవడం మంచిది.

దీనివల్ల విద్యార్థికి వెతికే పద్ధతి కూడా తెలుస్తుంది. 1908, 1909 సంవత్సరాలలో వెలువడిన ఇంపీరియల్ గెజిటీర్‌ను చికాగో విశ్వవిద్యాలయం వారి దక్షిణాసియా డిజిటల్ గ్రంథాలయంలో ఉచితంగా చదవవచ్చు. అందులో ‘వాల్మీకిపురం’ అని వెతికితే ఊరు దొరకదు. ‘వాయల్పాడ్’ అనే ఆంగ్ల రూపంతో, కడప జిల్లా తాలూకాగా వెతకాలి. కుప్పం సంగతి కావాలంటే ఉత్తర ఆర్కాటు జిల్లాలోని కంగుంది జమీందారీ కింద చూడాలి. పాత సమాచారం పాత పేరుతోనే దొరుకుతుందని విద్యార్థి గ్రహిస్తాడు. మదనపల్లె దగ్గరి కొండలకు కడప కలెక్టరుగా పనిచేసిన హార్స్‌లీ పేరు ఎందుకు వచ్చిందో కూడా అతనికి ఇప్పుడు అర్థమవుతుంది.

ఇక్కడ ఉపాధ్యాయుడు ఒక జాగ్రత్త తీసుకోవాలి. “మా ఊరు కడప జిల్లాలో ఉంది సార్” అన్న విద్యార్థితో “తప్పు, కూర్చో” అంటే, పాత గ్రంథాన్ని చదివి వచ్చిన పిల్లవాడు ఇక ఏదీ వెతకడు. “ఎక్కడ చూశావు? అది ఏ సంవత్సరంలో రాసినది?” అని అడగండి.

అంకెల విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. 2011 జనాభా లెక్కల ప్రకారం చిత్తూరు జిల్లా జనాభా 41,74,064. ఇది విభజనకు ముందున్న జిల్లాది. ఈ సంఖ్యను 2022 తరువాతి జిల్లా వైశాల్యంతో భాగించి జనసాంద్రత కడితే, గుణకార భాగహారాలు సరిగా చేసినా జవాబు తప్పుతుంది. అంకె, పటం రెండూ ఒకే కాలానివిగా ఉండాలి.

3. చరిత్ర: ఆధారం, వాదన

“జాతీయ గీతాన్ని మదనపల్లెలో రచించారు” అనే వాక్యం విద్యార్థికి ఎదురైతే ఏం చేయాలి? ఆ గీతాన్ని 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెస్ మహాసభలో పాడారు. రవీంద్రనాథ్ ఠాగూర్ 1919 ఫిబ్రవరిలో మదనపల్లె థియోసాఫికల్ కళాశాలలో ఉన్నప్పుడు దానిని ఆంగ్లంలోకి అనువదించారు. రెండు తేదీలను కాలరేఖపై పెట్టగానే ‘రచించారు’ అన్నది నిలవదని, ‘అనువదించారు’ అన్నదే సరైనదని తెలుస్తుంది. ఊరి గొప్పతనం దీనివల్ల తగ్గదు, దానికి సరైన ఆధారం దొరుకుతుంది.

అలాగే వాల్మీకి మహర్షితో వాల్మీకిపురాన్ని ముడిపెట్టే స్థల పురాణాన్ని ప్రజల విశ్వాసానికి ఆధారంగా చదవాలి, తేదీలకు ఆధారంగా కాదు.

4. భూగోళం: ఉపగ్రహ చిత్రాలు

ఇస్రో 2009లో ప్రారంభించిన భువన్ జాలగూడులో కుప్పం ప్రాంతాన్ని తెరవండి. మొదట హద్దుల పొరను తీసివేసి చూపండి. కొండలు, చెరువులు, పొలాలు కనిపిస్తాయి, రాష్ట్రాల సరిహద్దులు కనిపించవు. తరువాత హద్దులను చేర్చండి. కర్ణాటకలో పుట్టిన పాలారు ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 33 కిలోమీటర్లు మాత్రమే ప్రవహించి తమిళనాడులోకి వెళుతుందని విద్యార్థులే గుర్తిస్తారు. ప్రకృతి గీసిన రేఖకు, పరిపాలన గీసిన రేఖకు తేడా ఏమిటి? నదీజలాల పంపకంలో తగాదాలు ఎందుకు వస్తాయి? ఈ ప్రశ్నలతో పాఠాన్ని పౌరశాస్త్రంలోకి తీసుకువెళ్ళవచ్చు.

5. ఆర్థికశాస్త్రం: టమాటా ధర

మదనపల్లె టమాటా మార్కెట్టు ధరలు కేంద్ర ప్రభుత్వ అగ్‌మార్క్‌నెట్‌లో దొరుకుతాయి. నెలరోజుల ధరలను స్ప్రెడ్‌షీట్‌లో నమోదు చేయించి రేఖాచిత్రం గీయించండి. ప్రభుత్వ పట్టికలో ధర క్వింటాలుకు ఉంటుంది, పత్రికలు కిలోకు రాస్తాయి, రైతులు పెట్టెకు చెబుతారు. వీటిని ముందు ఒకే కొలతలోకి మార్చాలి. తరువాత టమాటా పండించే కుటుంబాల పిల్లలు ఇంట్లో అడిగి కూలి, రవాణా, కమీషన్ ఖర్చులు తెస్తారు. మార్కెట్టు ధర పెరిగినంత మాత్రాన రైతు ఆదాయం అంతే పెరుగుతుందా అన్న చర్చ అప్పుడు అంకెలతో సాగుతుంది.

6. మౌఖిక చరిత్ర: ఫోను ఉపయోగం

2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి కుప్పంలో ‘ఐ-కమ్యూనిటీ’ పథకాన్ని చేపట్టింది. గ్రామాలలో కంప్యూటర్ సమాచార కేంద్రాలు వెలిశాయి. అక్కడికి ఎవరు వెళ్ళేవారు, ఏ పనికి వాడేవారు అని పెద్దలను అడిగి, వారి అనుమతితో ఫోనులో రికార్డు చేయించండి. సంస్థ ప్రకటనలను, గ్రామస్థుల జ్ఞాపకాలను పోల్చడమే ఇక్కడ పాఠం.

7. తరగతి నిర్వహణ

తరగతికి ఒకే ఫోను ఉన్నా ఈ కృత్యాలు సాధ్యమే. కావలసిన పుటలను ముందురోజే దింపుకొని అచ్చు తీసి, నలుగురైదుగురికి ఒక ప్రతి ఇవ్వండి. ప్రతి జట్టు ‘సమాధానం’, ‘ఎవరు చెప్పారు’, ‘ఏ సంవత్సరానిది’ అనే మూడు గళ్ళు నింపాలి. మార్కులు మొదటి గడికే కాక మిగిలిన రెండింటికీ ఇవ్వండి. కృత్రిమ మేధ ఇచ్చే జవాబుకూ ఇదే నియమం: చివరి రెండు గళ్ళు నిండకపోతే ఆ జవాబు ఇంకా పూర్తి కాలేదు. విద్యార్థుల ఫోటోలను, వారి ఇళ్ళ వివరాలను అంతర్జాలంలో పెట్టకూడదు.

సారాంశం

డిజిటల్ సాధనం పాఠాన్ని విద్యార్థి ఊరికి దగ్గర చేస్తుంది. అది ఇచ్చే సమాధానాలు భిన్నంగా ఉన్నప్పుడు వాటిని దాచకుండా, ఎవరు, ఎప్పుడు చెప్పారో విచారించే అవకాశంగా మలచుకోవాలి. ఆ విచారణే సాంఘిక శాస్త్రం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. వాల్మీకిపురం గురించి మూడు వేర్వేరు జిల్లాల పేర్లు దొరకడానికి కారణాలు వివరించండి.
2. 2011 జనాభా లెక్కలను నేటి జిల్లాలకు వాడేటప్పుడు ఎటువంటి జాగ్రత్త అవసరం?
3. మీ మండలం గురించి రెండు ఆధారాలలో భిన్నంగా ఉన్న ఒక అంశాన్ని గుర్తించి, దానిపై 40 నిమిషాల పాఠ్యపథకం తయారు చేయండి.