"మంచిగున్నం" అంటే మంచిగున్నట్లేనా?

ఆర్మూర్‌లో ఎవరిని పలకరించినా మొదట అడిగేది "మంచిగున్నరా?" అనే. "ఆఁ, మంచిగనే ఉన్నం" అన్నదే జవాబు. పసుపు ధర పడిపోయిన ఏడు కూడా ఇదే జవాబు. ఈ మాటను నమ్మి ఒక మనిషి క్షేమాన్ని కొలవవచ్చునా అనే విషయంపై తత్వశాస్త్రంలో పెద్ద చర్చే జరిగింది. తత్వశాస్త్రం అనగానే ఆత్మ, పరమాత్మ అనుకొని పేజీ తిప్పేయకండి మిత్రులారా. ఈ చర్చలో మన మహబూబ్‌నగర్ కూడా ఉంది.

అమెరికాలో షికాగో విశ్వవిద్యాలయ ఆచార్యురాలు మార్తా నస్‌బామ్ 1990ల చివర మన దేశంలో పర్యటించి, స్త్రీల అభివృద్ధిపై 2000లో ఒక గ్రంథం ప్రచురించారు. మహబూబ్‌నగర్ దగ్గరి ఎండిన ప్రాంతంలో తాను మాట్లాడిన స్త్రీల గురించి అందులో రాశారు. వాళ్ళకు సరైన తిండి లేదు, ఊరికి నమ్మదగిన మంచినీరు లేదు. అయినా వాళ్ళకు కోపం లేదు. తమకు పోషణ కరువైందని గానీ, తాము బతికే తీరు ఆరోగ్యానికి మంచిది కాదని గానీ వాళ్ళు అనుకోలేదు. ప్రభుత్వ చైతన్య కార్యక్రమం ఒకటి వచ్చాకే నీళ్ళు కావాలి, కరెంటు కావాలి అని అధికారులను అడగడం మొదలుపెట్టారు. అంటే పరిస్థితి కొంచెం బాగుపడే దశలోనే వాళ్ళ అసంతృప్తి పెరిగింది! తృప్తే కొలమానమైతే, ఆ కార్యక్రమం వాళ్ళకు చెడు చేసినట్లు లెక్క తేలుతుంది.

దొరకని దాన్ని మనసు కోరడం మానేస్తుంది. ఈ సంగతిని అంకెలతో చూపినవారు అమర్త్య సేన్. బెంగాల్ కరువు తర్వాత 1944లో కలకత్తా దగ్గర జరిగిన ఒక సర్వేను ఆయన ఉదహరిస్తారు. భార్యను కోల్పోయిన మగవాళ్ళలో 48.5 శాతం మంది తమ ఆరోగ్యం బాగాలేదన్నారు. భర్తను కోల్పోయిన ఆడవాళ్ళలో అలా అన్నది 2.5 శాతమే. ఆ కాలపు వితంతువుల బతుకు తెలిసినవారెవరైనా ఈ అంకెను నమ్ముతారా?

అందుకే సేన్ వేరే ప్రశ్న వేశారు. మనిషి ఎంత తృప్తిగా ఉన్నాడు అని కాదు, ఏం చేయగలడు, ఎలా బతకగలడు అని. దీన్నే సామర్థ్య దృక్పథం అంటారు. ఆయన ఉదాహరణ మన భాషలో ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. ఒక్కపొద్దు ఉన్నవాడి కడుపూ ఖాళీయే, పస్తున్నవాడి కడుపూ ఖాళీయే. కానీ మొదటివాడు తినగలిగీ మానుకున్నాడు. రెండోవాడికి ఆ దారే లేదు. ఇంగ్లీషులో చదివినప్పుడు మాకు రెండు రోజులు పట్టింది గానీ, ఇంట్లో అమ్మమ్మలకు ఈ తేడా ఎప్పటినుంచో తెలుసు.

"నేను మంచిగున్న అంటుంటే కాదనడానికి మీరెవరు?" అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఒక్కపొద్దు ఉండేవాడి నోట్లో అన్నం కుక్కమని ఈ పండితులు చెప్పడం లేదు, అన్నం అందుబాటులో ఉంచమంటున్నారు. అయితే ఏవేవి అందాలో నస్‌బామ్ పది అంశాల జాబితా ఇచ్చారు: ప్రాణం, ఆరోగ్యం, ఆలోచన, ఆటపాట వంటివి. సేన్ మాత్రం అలాంటి శాశ్వత జాబితాకు ఒప్పుకోలేదు, జనం చర్చించుకొని తేల్చుకోవాలన్నారు. మాకు సేన్ మాటే సబబనిపిస్తుంది. మనల్ని అడగకుండా తయారై గోడకు అంటించిన మెనూ పట్టికలు చాలా చూశాం మరి.

తనిఖీకి వచ్చిన సారు "అన్నం ఎట్లుంది?" అంటే హాస్టల్ పిల్లలందరూ "మంచిగుంది సార్" అని ఒక్క గొంతుతో అంటారు. భయం కొంత, అలవాటు కొంత. అదే సారు "ఈ వారం గుడ్డు ఎన్నిసార్లు వచ్చింది? జ్వరమొస్తే ఎవరు తీసుకుపోతారు? రాత్రి చదువుకోను లైటు ఎంతసేపు ఉంటుంది?" అని అడిగితే జవాబులు మారతాయి.

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. చాట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుట్టే మా అమ్మ మెడనొప్పిని ఎన్నడూ నొప్పి అనలేదు. "చదువొచ్చినంక నీకు వంకలు ఎక్కువైనయ్" అనేది. సేన్ చూపిన ఇంకో సంగతి ఆమెకు చెప్పాం. ఆయన రాసిన నాటికి దేశంలో ఎక్కువకాలం బతికేది కేరళ వాళ్ళు, జబ్బు చేసిందని ఎక్కువగా చెప్పుకునేదీ వాళ్ళే. చదువు, ఆసుపత్రి దగ్గరుంటే జబ్బును జబ్బని గుర్తుపడతారు. అమ్మ కాసేపు ఊరుకొని, "అయితే మెడకు కూడ మందుంటదా?" అని అడిగింది.