డప్పు ఆపేటోని ధైర్యం

ఊరేగింపుల లొల్లి ఎట్ల మొదలైతదో మనకు ఎరుకే. ఒకడు కేక వేస్తడు, ఇంకొకడు మల్ల అంటడు, ఎవడో వీడియో తీసి వాట్సాప్‌ల పెడ్తడు. పది నిమిషాలల్ల ఊరు రెండు ముక్కలైతది. అప్పటికి పోలీసులు రారు, ఊరి పెద్దలు ఎనుకనే ఉంటరు. గుంపుకు అందరికంటె ముంగట ఉండేది డప్పు కొట్టేటోడు. దరువు పెంచితే జనం ఉరుకుతరు, తగ్గిస్తే నెమ్మదిస్తరు.

తెలంగాణ పల్లెల్ల పీర్ల పండుగ చూడుండ్రి. పీర్లు ఎత్తుకునేటోళ్లల్ల హిందువులు ఉంటరు. గుండం సుట్టు అసోయ్ దూలా అన్ని కులాలోళ్లు ఆడ్తరు. డప్పు కొట్టేది ఎక్కువగ మాదిగ కళాకారులు. అదే చేతులు బోనాలకూ కొడ్తయి, చావుకూ కొడ్తయి. అందరి పండుగ, అందరి దుఃఖం తెలిసినోడు కాబట్టే ఏడ కొట్టాల్నో, ఏడ ఆపాల్నో ఆయనకు ఎరుక.

పట్నంల ఈ సంగతి ఇంకా పెద్దది. మొహర్రం పదో రోజు బీబీ కా ఆలం డబీర్‌పురాల బయలెల్లి, చార్మినార్ మీదుగ వచ్చి, మూసీ ఒడ్డున చాదర్‌ఘాట్‌ల ముగుస్తది. 2019ల అది సెప్టెంబర్ 10న, గణేష్ నిమజ్జనం 12న వచ్చినయి. రెండు పెద్ద ఊరేగింపులకు నడుమ ఒక్కటే రోజు. 2023ల మిలాద్, నిమజ్జనం రెండూ సెప్టెంబర్ 28నే పడ్డయి. ముస్లిం పెద్దలు మిలాద్ జులూస్‌ను అక్టోబర్ 1కి జరిపిన్రు. 2024ల గూడ నిమజ్జనం అయినంక, సెప్టెంబర్ 19న తీసిన్రు. ఒక అడుగు ఎనుకకు వేస్తే ఎవరి దేవుడూ చిన్నగ కాలే.

మసీదు ముంగట, గుడి ముంగట, చావైన ఇంటి ముంగట దరువు ఆపుడు మన దిక్కు పాత రివాజు. డీజే డబ్బాకు ఈ రివాజు తెల్వదు. దానికి కండ్లు లేవు, ముంగట ఎవరి ఇల్లు ఉన్నదో చూడదు. హైదరాబాద్ పోలీసులు 2024 అక్టోబర్‌ల మతపరమైన ఊరేగింపులల్ల డీజేలు బంద్ పెట్టిన్రు. కానీ పల్లెల్ల ఆపేది ఎవరు?

1912ల టైటానిక్ ఓడ మునుగుతుంటే ఎనిమిది మంది వాద్యకారులు జనం బెదరకుండ వాయిస్తనే ఉన్నరు. ఎనిమిది మందీ సచ్చిపోయిన్రు. లోకం వాళ్లను ఇప్పటికీ యాది చేసుకుంటది. వాళ్ల ధైర్యం వాయించుట్ల ఉన్నది. మన డప్పు కళాకారుని ధైర్యం ఆపుట్ల ఉన్నది. తాగి ఊగే గుంపు "కొట్టురా" అని మీదికొస్తుంటే, పైసలు ఇచ్చేటోళ్లు తిడ్తుంటే, కులం పేరు తీస్తుంటే, కట్టె కిందికి దించుడు చిన్న పని కాదు. ఆయన ఫొటో ఏ పేపర్ల రాదు. లొల్లి కాలేదు కాబట్టి అది వార్తే కాదు.

తమ్ముళ్లు, చెల్లెండ్లు, వచ్చే ఊరేగింపుకు డీజే మాట్లాడే ముందు డప్పు కళాకారులను పిలువుండ్రి. కూలి ముందే మాట్లాడి పూర్తిగ ఇయ్యుండ్రి. ఆయన దరువు ఆపిన కాడ పక్కకు పోయి నిలబడుండ్రి. ఒక్కడు ఆపితే గుంపు తిడ్తది, నలుగురు తోడైతే గుంపు ఆగుతది.