ఇల్లు ఒక్కటి, కార్యాలయాలు అనేకం
గ్రామీణ గృహనిర్మాణంలో పంచాయతీల సహకారం, సలహా సంఘాల పాత్ర

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని మన పెద్దలు అన్నారు. పెళ్ళిలో మాట తేడా వస్తే ఇరుపక్షాల పెద్దలు ఒకచోట కూర్చుని సర్దుబాటు చేస్తారు. కట్టుబడి మధ్యలో ఆగిపోయినప్పుడు మాత్రం ఎవరు ఎవరితో కూర్చోవాలన్నది మనలో చాలామందికి తెలియదు. అందుకు తగిన వేదికలు ఉన్నవి. వాటి పనితీరును ఋణగ్రహీతలకు, సిమెంటు, ఇనుము, ఇటుక వ్యాపారం చేసే డీలర్లకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

లింటెల్ వద్ద ఆగిన గోడలు

గ్రామీణ శాఖలో క్షేత్రాధికారిగా తిరిగే నాకు లింటెల్ మట్టం వరకు లేచి ఆగిపోయిన గోడలు తరచుగా కనిపిస్తూ ఉంటాయి. వాటిలో ఒక కాలనీ సంగతి చెబుతాను. అది రెండు గ్రామ పంచాయతీల సరిహద్దులో ఉన్నది. ఇళ్ళ స్థలాలు ఒక పంచాయతీ పరిధిలోనివి. లబ్ధిదారులు రెండు ఊళ్ళవారు. అక్కడికి వెళ్ళే పుంత మాత్రం రెండవ పంచాయతీ పరిధిలోనిది. తొలకరి పడగానే ఆ పుంత బురదై ఇసుక ట్రాక్టరు లోపలికి పోలేని స్థితి ఏర్పడింది.

ఒక పంచాయతీవారు దారి తమది కాదన్నారు. రెండవవారు ఇళ్ళు తమవి కావన్నారు. పని దశ పూర్తికాలేదు గనుక గృహనిర్మాణ శాఖ బిల్లు పడలేదు. అదే కారణంగా మా శాఖ రెండవ విడత ఋణం విడుదల చేయలేదు. పాత బాకీ తీరలేదు గనుక డీలరు కొత్తగా సిమెంటు బస్తా అప్పు ఇవ్వలేదు. ఎవరి నియమం వారికి సరైనదే. ఇల్లు మాత్రం లేవలేదు. ఇద్దరు పిల్లలతో ఉన్న ఒక వితంతు మహిళ ఆ గోడల పక్కనే తాటాకు పాకలో రెండు వర్షాకాలాలు గడిపింది.

ఇందులో నా పొరపాటు కూడా ఉన్నది. మూడుసార్లు తనిఖీకి వెళ్ళి మూడుసార్లూ "పని నిలిచిపోయినది" అని మాత్రమే నివేదికలో వ్రాసినాను. ఎందుకు నిలిచినదో, దానిని ఎవరి ముందు పెట్టవలెనో ఆలోచించలేదు.

ఆగిన ఇల్లు ఖర్చు లేనిదని భావించకండి. ఉదాహరణకు 40,000 రూపాయల ఋణం తీసుకుని, వడ్డీ ఏడాదికి 10 శాతం అనుకుంటే, గోడలు అలా నిలబడి ఉన్న ఒక్క సంవత్సరానికి 4,000 రూపాయల వడ్డీ అవుతుంది. అద్దె ఇంటిలో ఉంటే ఆ అద్దె అదనం. వాయిదాలకు ఇచ్చిన విరామకాలం ఇల్లు పూర్తయినా, కాకపోయినా గడిచిపోతుంది. గాలిలోని తేమ తగిలి, నిల్వ ఉన్న సిమెంటు నెలల తరబడి బలాన్ని కోల్పోతూ వస్తుంది. బయటకు పొడుచుకుని ఉన్న ఇనుప చువ్వలు తుప్పు పడతాయి. అనగా ఆలస్యం అయ్యేకొద్దీ అప్పు పెరుగుతుంది, ఇంటి బలం తరుగుతుంది.

చట్టం ఏమి చెబుతున్నది?

1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలను పదకొండవ షెడ్యూలులో పేర్కొన్నది. అందులో 10వ అంశం గ్రామీణ గృహనిర్మాణం. అదే సమయంలో వచ్చిన 74వ సవరణ ప్రతి జిల్లాలోనూ ప్రణాళికా సంఘం ఉండాలని నిర్దేశించింది. పంచాయతీలు, మునిసిపాలిటీలు తయారుచేసిన ప్రణాళికలను కలిపి జిల్లాకంతటికీ ఒకే ముసాయిదాగా రూపొందించడం ఆ సంఘం విధి. నీటి పంపకం, స్థలాల వినియోగం వంటి ఉమ్మడి విషయాలను అది పరిశీలించాలి. సభ్యులలో కనీసం ఐదింట నాలుగు వంతులు ఎన్నికైన స్థానిక ప్రతినిధుల నుండి రావాలి. ఒక ఊరి ఇంటికి పక్క ఊరి దారి అవసరమవుతుందని రాజ్యాంగమే గుర్తించినదన్నమాట.

బ్యాంకుల వైపు కూడా ఇటువంటి ఏర్పాటు ఉన్నది. రిజర్వు బ్యాంకు 1969 డిసెంబరులో లీడ్ బ్యాంకు పథకాన్ని ప్రవేశపెట్టింది. ప్రతి జిల్లాకు ఒక బ్యాంకును లీడ్ బ్యాంకుగా నియమించి, బ్యాంకులను, ప్రభుత్వ శాఖలను ఒకచోట కూర్చోబెట్టడం దాని సారాంశం.

మూడు మెట్లు

మొదటి మెట్టు గ్రామసభ. 2016 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ పథకంలో 2011 నాటి సామాజిక, ఆర్థిక, కుల గణన వివరాలు ఆధారంగా తయారైన జాబితాను గ్రామసభ ముందు ఉంచి సరిచూడాలని నియమం పెట్టారు. పేరు అన్యాయంగా తొలగించారని భావించినవారు జిల్లా స్థాయిలోని అప్పీలు సంఘానికి విన్నవించుకొనవచ్చును. మైదాన ప్రాంతాలలో ఇంటికి 1,20,000 రూపాయలు, కొండ ప్రాంతాలు తదితర క్లిష్ట ప్రాంతాలలో 1,30,000 రూపాయల సహాయాన్ని ఆ పథకం నిర్ణయించింది. ఇంటి కనీస వైశాల్యం వంటకు వీలైన స్థలంతో కలిపి 25 చదరపు మీటర్లు. కోరుకున్న లబ్ధిదారుకు 70,000 రూపాయల వరకు బ్యాంకు ఋణం లభించేటట్లు సహకరించాలని కూడా అందులో ఉన్నది. ఋణం తీసుకొని తీరాలన్న నిర్బంధం లేదు. 2024లో కేంద్ర మంత్రివర్గం ఈ పథకాన్ని 2028-29 వరకు పొడిగించింది.

రెండవ మెట్టు మండల స్థాయి బ్యాంకర్ల సంఘం. దేశమంతటా దీనిని బ్లాకు స్థాయి బ్యాంకర్ల సంఘమని, మన ప్రాంతంలో సంయుక్త మండల స్థాయి బ్యాంకర్ల కమిటీ అని వ్యవహరిస్తారు. బ్లాకులోని బ్యాంకు శాఖలవారు, అభివృద్ధి అధికారి, సాంకేతిక శాఖలవారు ఇందులో పాల్గొంటారు. ఆరు నెలలకు ఒకసారి పంచాయతీ సమితి ప్రతినిధులను కూడా ఆహ్వానించి వారి అనుభవాన్ని తెలుసుకొనవలెనన్నది రిజర్వు బ్యాంకు సూచన. ఈ విషయం మన సర్పంచులలో కొందరికి కూడా తెలియదు.

మూడవ మెట్టు జిల్లా సంప్రదింపుల సంఘం. దీనికి జిల్లా కలెక్టరు అధ్యక్షులు. లీడ్ జిల్లా మేనేజరు సమావేశాలను ఏర్పాటు చేస్తారు. రిజర్వు బ్యాంకు, నాబార్డు అధికారులు, జిల్లాలోని బ్యాంకులు, శాఖాధిపతులు మూడు నెలలకు ఒకసారి కలుస్తారు. ప్రజాప్రతినిధులు పాల్గొనే జిల్లా స్థాయి సమీక్షా సంఘం కూడా వేరుగా ఉన్నది. మండలంలో తేలని చిక్కు ఇక్కడికి రావాలి.

సలహా వేరు, మంజూరు వేరు

ఇక్కడ ఒక సందేహం కలుగుతుంది. సంఘం చెప్పినంత మాత్రాన బ్యాంకు ఋణం ఇచ్చి తీరవలెనా? అవసరం లేదు. ఇవి సలహా, సమన్వయ సంఘాలు. మీ ఆదాయం, పాత బాకీలు, స్థలం కాగితాలు చూసి మంజూరు చేసే అధికారం, బాధ్యత బ్యాంకువే. పంచాయతీ నిధులను ఖర్చుపెట్టే నిర్ణయం పంచాయతీ పాలకవర్గానిదే. అయితే నలుగురి ఎదుట నమోదైన సలహాకు ఒక బలం ఉన్నది. తదుపరి సమావేశంలో "ఏమైనది?" అని అడుగుతారు. సమాధానం చెప్పవలసినవారు చెప్పక తప్పదు.

ఈ పద్ధతి ఇతర దేశాలలో కూడా ఉన్నది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో బెల్‌వ్యూ, కర్క్‌ల్యాండ్, రెడ్‌మండ్ అనే పట్టణాలు 1992లో కింగ్ కౌంటీతో కలిసి అందుబాటు ధరల గృహవసతి కోసం ఒక కూటమిని ఏర్పరచుకున్నవి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకై వెళ్ళిన మన తెలుగు కుటుంబాలు అనేకం నివసించే ప్రాంతమే అది. తరువాత చుట్టుపక్కల చిన్న పట్టణాలు కూడా అందులో చేరినవి. అవి తమ నిధులను ఉమ్మడిగా వినియోగించుకుంటాయి. పౌరులతో కూడిన సలహా సంఘం దరఖాస్తులను పరిశీలించి సిఫారసు చేస్తుంది. చివరి నిర్ణయం మాత్రం ఆయా పట్టణ పాలకమండళ్ళదే. సలహాను, నిర్ణయాన్ని వేరుగా ఉంచడం వలన ఏ ఊరూ తన అధికారాన్ని కోల్పోదు. ఒక్క ఊరి వలన కాని పనిని మాత్రం అందరూ కలిసి చేయగలుగుతారు.

మన కాలనీ చివరకు ఏమైనది?

నేను ఆలస్యంగానైనా ఆ కాలనీ విషయాన్ని మండల కమిటీ ముందు పెట్టించినాను. ఇద్దరు సర్పంచులు, మండల అభివృద్ధి అధికారి, గృహనిర్మాణ శాఖ ఇంజనీరు, మా మేనేజరు ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. పుంతకు గ్రావెల్ పోయించే ఖర్చును రెండు పంచాయతీలు భరించేటట్లు, అందుకు రెండు చోట్లా తీర్మానాలు చేసేటట్లు అంగీకారం కుదిరింది. ఇంజనీరు తనిఖీ, మా తనిఖీ ఒకే రోజున జరపాలని అనుకున్నాము. పాత బాకీ జమ అయ్యే తేదీ తెలియడంతో డీలరు కూడా సామాను పంపడానికి ఒప్పుకున్నారు. ఆ తదుపరి వేసవిలో శ్లాబులు పడినవి. పాకలో ఉన్న ఆ తల్లి మూడవ వర్షాకాలం నాటికి తన ఇంటిలోకి చేరింది.

అన్ని ఇళ్ళూ పూర్తయినవని చెప్పలేను. స్థలం కాగితాలు సరిగా లేని రెండు కుటుంబాలవారి గోడలు అలాగే మిగిలినవి. అందుకే కాగితాల గురించి ఒక మాట.

స్థలం కాగితాలు

మన ఊళ్ళలో పాత ఇళ్ళు చాలావరకు గ్రామకంఠంలో ఉంటాయి. తరతరాలుగా అనుభవంలో ఉన్నప్పటికీ, పొలానికి ఉన్నట్లుగా ఆ ఇంటిస్థలానికి హక్కు పత్రం ఉండదు. తాకట్టు పెట్టుకుని ఋణం ఇవ్వడానికి బ్యాంకులు వెనుకాడేది ఇందువలననే. ఈ లోటును తీర్చడానికి కేంద్ర ప్రభుత్వం 2020 ఏప్రిల్ 24న స్వమిత్వ పథకాన్ని ప్రారంభించింది. డ్రోన్లతో నివాస ప్రాంతాన్ని కొలిచి ఇంటి యజమానికి ఆస్తి కార్డు ఇవ్వడం దీని లక్ష్యం. మీ ఊరిలో కొలత జరిగినదా, మీ పేరు, హద్దులు సరిగా నమోదైనవా అన్నది పంచాయతీ కార్యాలయంలో విచారించండి.

ప్రభుత్వం ఇచ్చిన పట్టా స్థలమైతే, దానిని ఇతరులకు అమ్మడంపై ఆంక్షలు ఉంటాయి. అటువంటి స్థలాన్ని నోటిమాట మీద కొన్నవారికి ఋణం పుట్టదు. కొనేముందే మండల రెవెన్యూ కార్యాలయంలో అడిగి తెలుసుకొనడం మేలు.

ఋణగ్రహీతలు చేయవలసినవి

ఒకటి. పునాది తీయకముందే స్థలం పత్రం, పంచాయతీ అనుమతి, దారి, నీరు ఈ నాలుగూ సరిచూసుకోండి.

రెండు. పని ఆగితే వెంటనే బ్యాంకు శాఖకు వ్రాతపూర్వకంగా తెలియజేయండి. ఎందుకు ఆగినదో ఒక్క వాక్యంలో స్పష్టంగా వ్రాయండి. దాచిపెట్టడం వలన వడ్డీ ఆగదు.

మూడు. ఒకే ఇబ్బంది పలువురికి ఉంటే కలిసి ఒక్క అర్జీ ఇవ్వండి. గ్రామసభలో దానిని తీర్మానంగా నమోదు చేయించి, మండల కమిటీ ముందు పెట్టవలసినదిగా సర్పంచును కోరండి. తీర్మానం నకలు మీ వద్ద ఉంచుకోండి.

నాలుగు. సహాయం సొమ్ము మీ ఖాతాలోనే జమ అవుతుంది. బిల్లు పెట్టిస్తామని కమీషను అడిగే మధ్యవర్తులకు ఖాతా పుస్తకం, కార్డు అప్పగించకండి.

డీలర్లకు సూచనలు

ప్రతి సరఫరాకు తేదీ, పరిమాణం, ధర కలిగిన సరైన బిల్లు ఇవ్వండి. మీ బిల్లు, బ్యాంకు తనిఖీ నివేదిక ఒకదానికొకటి సరిపోలినప్పుడు తదుపరి విడత త్వరగా విడుదలవుతుంది. ఇంటికి కావలసిన సిమెంటు మొత్తం ఒక్కసారే దింపకుండా దశలవారీగా పంపండి. పక్కపక్క గ్రామాలవారు కలిసి ఇటుక, ఇనుము కోరినప్పుడు, లోడు మొత్తం ఒకేచోటికి పోవడం వలన మీకు మిగిలే కిరాయిలో కొంత వారికి తగ్గించండి. పూర్తయిన ప్రతి ఇల్లు వసూలైన బాకీ అని గుర్తుంచుకోండి.

పాఠకులారా! మీ మండలంలో తదుపరి బ్యాంకర్ల సమావేశం ఎప్పుడో మీ శాఖ మేనేజరును అడగండి. మీ ఊరిలో ఆగిన గోడలు ఎన్ని ఉన్నవో, ఏ కారణంతో ఆగినవో ఒక కాగితం మీద వ్రాసి ఆ తేదీకి ముందే అందజేయండి. ఆ కాగితం సమావేశపు బల్ల మీదికి చేరిననాడు ఆ ఇంటి పని సగం మొదలైనట్లే.