కృత్తికల వారి ఉమ్మడి బిడ్డ

మన మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలోగాని, పక్కనున్న ముసఫ్ఫా గ్యారేజీల ముందుగాని టొయోటా 86, సుబారు బీఆర్‌జెడ్ కార్లు పక్కపక్కన నిలబడితే ఏది ఏదో పోల్చుకోవడం కష్టం. బంపరు, దీపాలు, ముందున్న బిళ్ల తప్పిస్తే రెండూ ఒకటే. మన పిల్లలకు వాటి వేగం మీద మోజు. మాకు మాత్రం వాటి పుట్టుక కథే నచ్చింది.

స్పోర్ట్స్ కార్లు కొనేవారు తగ్గిపోవడంతో టొయోటాలో 2002లో సుప్రా, 2006లో సెలికా, 2007లో ఎం.ఆర్.ఎస్. వరుసగా ఆగిపోయాయి. కొద్దిమంది కొనే కారుకు పెట్టుబడంతా ఒక్కరే భరించడం కష్టం. సుబారు కార్లు చేసే ఫుజి హెవీ ఇండస్ట్రీస్‌లో టొయోటా 2005లో వాటా కొన్నది. 2008లో ఆ వాటా పెంచుకుంటూ, ఇద్దరూ కలిసి ఒక స్పోర్ట్స్ కారు చేస్తామని ప్రకటించారు.

టొయోటా తరఫున చీఫ్ ఇంజనీరు టెట్సుయా టాడా. కారు ఎలా ఉండాలన్న ఆలోచన, రూపం టొయోటావి. ఇంజను, తయారీ సుబారువి. సుబారు బాక్సర్ ఇంజనులో పిస్టన్లు అడ్డంగా పడుకుని, ముష్టియుద్ధం చేసేవారి పిడికిళ్లలా ఎదురెదురుగా కదులుతాయి. ఇంజను ఎత్తు తగ్గి బరువు నేలకు దగ్గరవుతుంది గనుక మలుపుల్లో కారు నిలకడగా ఉంటుంది. పెట్రోలును సిలిండరులోకి నేరుగాను, గాలి వచ్చే దారిలోను చల్లే డి-4ఎస్ పద్ధతిని టొయోటా జోడించింది. రెండు లీటర్ల ఇంజనుకు 200 హార్స్ పవర్ వచ్చింది. సిలిండరు వ్యాసం 86 మిల్లీమీటర్లు, పిస్టన్ కదలిక కూడా 86. 1983 నాటి ఏఈ86 కరోలా జ్ఞాపకంగా పెట్టిన పేరుకు ఈ అంకె చక్కగా కుదిరింది.

ఇద్దరూ కొంత పట్టు వదులుకున్నారు. నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే కార్లకు పేరుపడ్డ సుబారు, ఇక్కడ వెనుక చక్రాలతో సరిపెట్టుకుంది. టొయోటా తన పేరున్న కారును 2012 మార్చి నుంచి గున్మాలోని సుబారు ఫ్యాక్టరీలో చేయించింది. ఆ మొదటి తరం కార్లలో ఏ బానెట్ ఎత్తినా ఇంజను మీద ఇద్దరి పేర్లూ ఉంటాయి. స్ప్రింగుల బిగువు మాత్రం ఎవరి అభిరుచి వారిది.

రక్తం ఒకటైనప్పుడు జబ్బూ ఒకటే. 2018 నవంబరులో వాల్వు స్ప్రింగుల లోపం వల్ల ప్రపంచమంతటా సుమారు 4 లక్షల కార్లను వెనక్కి పిలిచారు. వాటిలో ఈ కవలలు రెండూ ఉన్నాయి. ఆ స్ప్రింగులు మార్చాలంటే ఇంజను బయటికి తీయాలి. పెద్ద ఆపరేషనే! అయినా పొత్తు చెడలేదు. 2020లో టొయోటా వాటా 20 శాతానికి చేరింది. అదే నవంబరులో కొత్త బీఆర్‌జెడ్‌ను, 2021 ఏప్రిల్‌లో జీఆర్86ను, 2.4 లీటర్ల ఇంజనుతో చూపించారు.

సుబారు అంటే జపాను భాషలో కృత్తికా నక్షత్రం. వారి బిళ్ల మీద ఉన్నవి ఆరు చుక్కలు. కుమారస్వామిని సాకిన తల్లులూ ఆరుగురే. బిడ్డ ఎవరిదన్న తగవు పెట్టుకోకుండా ఆరుగురూ పాలిచ్చారు. కార్తీకంలో తూర్పున కృత్తికలు పొడిచినప్పుడు పిల్లలకు ఈ రెండు కథలూ కలిపి చెప్పండి.