తట్టి చూడు... తెప్ప చెబుతుంది!

ఎద్దును కొనేవాడు పళ్లు చూస్తాడు. పాత మోటారు సైకిల్ కొనేవాడు ఇంజిను చప్పుడు వింటాడు. మరి సముద్రంలోకి వెళ్లాల్సిన పాత తెప్పను కొనేవాడు ఏం చూడాలి? ఇక్కడ లెక్క తప్పితే పోయేది డబ్బొక్కటే కాదు. అందుకే బయానా ఇచ్చేముందు ఒడ్డుమీదే కొన్ని పరీక్షలు పెట్టాలి. వాటికి పెద్ద చదువులు అక్కర్లేదు. కళ్లు, చెవులు, వేళ్లు... వీటితోపాటు కాస్త ఓపిక ఉంటే చాలు!

గజపతినగరం పక్కనే మానాపురం. పశువుల సంతకు పెట్టింది పేరు. అక్కడికి ఎద్దును కొనడానికొచ్చిన రైతు తీరు చూడాలి. నోరు తెరిచి పళ్లు లెక్కపెడతాడు. మెడమీద చెయ్యేసి తడుముతాడు. నాలుగడుగులు నడిపించి కాలు ఈడుస్తోందేమో గమనిస్తాడు. కొమ్ములకు వేసిన రంగును, మెడలో కట్టిన గంటలను చూసి మాత్రం రొంటిన ఉన్న డబ్బు బయటకు తీయడు.

అదే గజపతినగరం మీదుగా పారే చంపావతి నది ఆండ్ర వైపు కొండల్లో పుట్టి, కోనాడ దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. నది వెంబడే కిందికి దిగితే విజయనగరం జిల్లా తీరం. భోగాపురం, పూసపాటిరేగ మండలాల్లో ముక్కాం, చింతపల్లి, కోనాడ, తిప్పలవలస... అన్నీ వేటమీద బతికే ఊళ్లే. ఇక్కడ పాత తెప్పల బేరానికి సంతంటూ ఉండదు. ఇసుకమీదికి లాగిన ఓ తెప్ప, దాని చుట్టూ నలుగురు మనుషులు... అదే సంత.

సొంత తెప్ప ఎందుకంటే...

కొత్తది కొనే స్తోమతు అందరికీ ఉండదు. అలాగని సొంత తెప్ప లేకుంటే కూలికి పోవాలి. ఉత్తరాంధ్ర జాలర్లలో చాలామంది ఏడాదిలో కొన్ని నెలలు గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి అక్కడి బోట్లలో పనిచేస్తుంటారు. అలా వెళ్లినవారిలో కొందరు 2018 నవంబరులో పాకిస్థాన్ జలాల్లోకి వెళ్లారంటూ పట్టుబడి, అక్కడి జైల్లో మగ్గి, 2020 జనవరిలో వాఘా సరిహద్దు మీదుగా ఇంటికి చేరారు. ఒడ్డున పాతదో కొత్తదో తమదంటూ ఓ తెప్ప ఉంటే ఆ రైలెక్కే అవసరం కొంతైనా తగ్గుతుంది. ఆడవాళ్ల మెడలోని పుస్తెలతాడు తాకట్టు పెట్టయినా పాత తెప్పను కొనాలనుకోవడం వెనక ఉన్న ఆశ అదే. ఆ ఆశమీద దెబ్బపడకూడదంటే తెప్పను తెలిసి కొనాలి.

కొయ్య పోయె... ఫైబర్ వచ్చె!

పూర్వం ఈ చిక్కు ఇంతగా ఉండేది కాదు. కొయ్య తెప్ప అంటే దుంగలను తాళ్లతో బిగించి కట్టినదే. వేట నుంచి రాగానే కట్లు విప్పి దుంగలను ఎండబెట్టేవాళ్లు. ఏ దుంగ పుచ్చిందో, ఏది బరువెక్కిందో కళ్లముందే కనిపించేది. చెడ్డదాన్ని తీసేసి మరోటి కడితే సరి. అలల్లోంచి వలను తీసుకెళ్లే పడవల్లో పలకలను కొబ్బరి తాడుతో కుట్టేవాళ్లు. కెరటం కొట్టినప్పుడు అవి విరక్కుండా వంగేవి. కుట్టు తెగితే ఆ సంగతీ పైకి తెలిసిపోయేది.

1979లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ మద్రాసు కేంద్రంగా బంగాళాఖాత కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. ఒడ్డునే దిగే బోట్లను మెరుగుపరచడం దాని పనుల్లో ఒకటి. క్రమంగా దుంగల స్థానంలోకి ఫైబర్ వచ్చింది. గాజుపీచు పరుపును పొరలుగా పరిచి, రెసిన్‌తో తడిపి గట్టిపరిస్తే అదే ఫైబర్. తేలిక, పుచ్చదు, పురుగు పట్టదు. వచ్చిన చిక్కల్లా ఒక్కటే... దాని జబ్బు లోపల ఉంటుంది. పైన కొత్త రంగు వేస్తే ఇక ఎవరికీ కనిపించదు! 2004 సునామీ తర్వాత దెబ్బతిన్న దేశాల్లో ఫైబర్ బోట్లను హడావుడిగా వేల సంఖ్యలో తయారుచేశారు. వాటిలో నాణ్యత లేనివీ ఉన్నాయని ఆ సంస్థ నిపుణులే హెచ్చరించారు.

రంగు చూస్తే దిగులు పడాలి

ఒడ్డున బేరం సాధారణంగా ఇలా మొదలవుతుంది.

‘‘రంగు ఎప్పుడేసినావు మావా?’’

‘‘మొన్ననే అల్లుడా. కొత్తదాన్లా లేదూ!’’

‘‘అదే మావా నా బయం... ఏటి దాసినావని!’’

నవ్వులాటగా అన్నా అందులో నిజముంది. అమ్మకానికి ముందు వేసిన రంగు కింద ఏముందో కొనేవాడే వెతకాలి. తెప్పను ఎండలో పక్కనుంచి, వంగి చూడాలి. చదునుగా మెరవాల్సిన చోట ఎత్తుపల్లాలుంటే అక్కడ మాసిక పడినట్టే. మాసిక ఉండటం తప్పు కాదు. దెబ్బతిన్న చోట చుట్టూ వెడల్పుగా గీకి, బాగా ఆరబెట్టి, పొరమీద పొర వేస్తే అది గట్టిగానే నిలుస్తుంది. బీటమీద పుట్టీ పూసి రంగు కొడితే మాత్రం నాలుగు కెరటాలకే విడిపోతుంది.

సాలెగూడులా గీతలు కనిపిస్తే అక్కడ ఎప్పుడో గట్టి దెబ్బ తగిలిందని అర్థం. అరచేత్తో రుద్దితే తెల్లని పొడి రాలితే పైపూత ఎండకు చచ్చిపోయిందని గుర్తు. గాజుపీచు పోగులే బయటకు కనిపిస్తే ఇక నీళ్లు లోపలికి దారి చేసుకున్నట్టే! అడుగున చిన్నచిన్న బొబ్బలుంటే ఒకదాన్ని చిదిమి వాసన చూడాలి. పుల్లగా వెనిగర్‌లా ఉంటే పొరల్లోకి నీళ్లు చేరి రెసిన్‌ను తినేస్తున్నాయన్నమాట.

టక్... టక్... డబ్!

అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష చెవిది. చిన్న సుత్తిపిడితోనో, రూపాయి బిళ్లతోనో తెప్ప ఒళ్లంతా జానెడుకొకచోట తట్టుకుంటూ పోవాలి. గట్టిగా ఉన్నచోట ‘టక్’మని మోగుతుంది. పొరలు విడిపోయినా, లోపల తడి చేరినా ‘డబ్’మని మూగగా వినిపిస్తుంది. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తామే... అచ్చం అలాగే! విదేశాల్లో లక్షల డాలర్ల తెరచాప పడవలను పరీక్షించే సర్వేయర్ల దగ్గర తేమను కొలిచే మీటర్లూ ఉంటాయి. కానీ వాళ్లూ ముందు తీసేది చిన్న సుత్తినే.

ముఖ్యంగా తట్టాల్సినవి మూడు చోట్లు. ఇసుకకు రాసుకునే అడుగు. కెరటాన్ని ఢీకొట్టే మూతి. ఇంజినును బిగించే వెనకభాగం. ఈ మూడోచోట ఫైబర్ మధ్యలో చెక్క పెట్టి ఉంటారు. బోల్టు రంధ్రాల్లోంచి నీళ్లు దిగితే ఆ చెక్క నాని కుళ్లిపోతుంది. ఇంజినును పట్టుకుని పైకీ కిందికీ ఊపితే వెనక గోడ కూడా కదులుతోందా? ఆ బేరం అక్కడితో ఆపేయడం మంచిది.

తర్వాత బరువు. తెప్ప మునగకుండా లోపలి గదుల్లో నురుగులాంటి ఫోమ్ నింపుతారు. బీటల్లోంచి వెళ్లిన నీటిని అది పీల్చుకుంటే మళ్లీ ఆరదు. ‘దీన్ని ఎంతమంది లాగేవాళ్లు, ఇప్పుడెంతమంది లాగుతున్నారు?’ అని అడగాలి. అమ్మేవాడిని కాదు, రోజూ చెయ్యేసి లాగే పక్క తెప్పవాళ్లను అడగాలి!

మరో ప్రశ్నా అడగాల్సిందే. ‘2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిననాడు, 2018 అక్టోబరు 11న తిత్లీ విరుచుకుపడిననాడు ఈ తెప్ప ఎక్కడుంది?’ తుపాను గాలికి ఎగిరి ఒకదానిమీద ఒకటి పడిన బోట్లు ఎన్నో. వాటిలో కొన్ని మాసికలతో తిరిగి నీళ్లలోకి దిగాయి.

చాపకు గోరు పరీక్ష

ఇంజిన్లు వచ్చాక తెరచాప పని తగ్గింది. అయినా నడిసముద్రంలో ఇంజిను మొరాయిస్తే ఒడ్డుకు చేర్చేది ఆ గుడ్డే. కాబట్టి చాపను చుట్టచుట్టి ఇస్తే తీసుకోకూడదు. ఇసుకమీద పూర్తిగా పరిచి చూడాలి. ఎండకు గుడ్డకన్నా ముందు దారం చస్తుంది. బొటనవేలి గోటితో కుట్టును గీరితే పోగులు తెగొస్తే చాప మొత్తం మళ్లీ కుట్టించాల్సిందే. గుడ్డను వెలుగుకు ఎత్తిపట్టి పలచబడిన చోట్లు వెతకాలి. చాపను ఎత్తే కొయ్యకు అడుగున, తాడు రాసుకునే చోట బీటలున్నాయేమో తడమాలి. మోకును మెలితిప్పి లోపలి పోగులు చూడాలి. పైన నల్లగా ఉన్నా లోపల మెరుస్తుంటే పర్వాలేదు. పొడి రాలితే పనికిరాదు.

ఇంజిను విషయంలో ఒకటే సూత్రం... చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ‘ముందే స్టార్ట్ చేసి ఉంచా’నంటే అనుమానించాలి. వేడెక్కిన ఇంజిను రోగాలను దాచేస్తుంది. డీజిల్ ఇంజినైతే పొగ రంగు చూడాలి. నీలంగా వస్తే ఆయిల్ కాలుతున్నట్టు. నల్లగా వస్తే ఇంధనం సరిగా మండనట్టు.

చివరి పరీక్ష నీళ్లలోనే. అడుగు పూర్తిగా తుడిచి, పొడిగా ఉన్న తెప్పను అలలు దాటించి గంటసేపు తిప్పాలి. తిరిగొచ్చాక లోపల ఎక్కడ తడి ఉందో చూడాలి. చేయి వదిలితే ఓ పక్కకే లాగుతోందా, చాప ఎత్తితే రెండువైపులా ఒకేలా నడుస్తోందా... అదీ గమనించాలి.

కాగితం లేకుంటే గండమే

తెప్ప బాగుంది, ధర కుదిరింది. అయినా పని అయిపోలేదు. 2008లో ముంబయిమీద దాడి చేసినవాళ్లు ఓ చేపల బోటును చేజిక్కించుకునే వచ్చారు. ఆ తర్వాత దేశమంతటా బోట్ల రిజిస్ట్రేషన్‌ను కట్టుదిట్టం చేశారు. తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం. ఆ కాలానికి ప్రభుత్వం ఇచ్చే సాయం 2019లో రూ.10 వేలు. 2025లో దాన్ని రూ.20 వేలకు పెంచి శ్రీకాకుళం జిల్లా బుడగట్లపాలెంలో మొదలుపెట్టారు. లెక్కల్లో లేని బోటుమీద పనిచేసేవారికి ఆ సాయం అందడం కష్టం. కాబట్టి బోటుమీది నంబరూ, కాగితంమీది నంబరూ ఒకటేనా చూడాలి. సబ్సిడీమీద వచ్చినదైతే అమ్మే హక్కు ఉందా, అప్పు బాకీ ఏమైనా ఉందా అన్నది మత్స్యశాఖ కార్యాలయంలో కనుక్కోవాలి. పేరు మారేదాకా పూర్తి సొమ్ము ఇవ్వకపోవడమే మంచిది.

తారిణిదీ ఫైబరే!

సరిగ్గా కడితే ఫైబర్ ఎంతదూరం వెళ్తుందో తెలుసా? 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయల్దేరి, 2018 మే నెలలో భూమిని చుట్టి తిరిగొచ్చిన భారత నౌకాదళ తెరచాప పడవ ‘తారిణి’ కూడా చెక్కమీద ఫైబర్ పొరలు వేసి కట్టిందే. పొడవు సుమారు 17 మీటర్లు. అందులోని ఆరుగురు మహిళా అధికారుల్లో పి.స్వాతి విశాఖ అమ్మాయి. అంత పడవకైనా, ముక్కాం ఒడ్డున ఉన్న తెప్పకైనా చూడాల్సిన చోట్లు అవే... పొరలు, అతుకులు, కొయ్య, చాప, తాళ్లు.

చివరగా ఓ లెక్క. చాప చిరిగితే కుట్టించుకోవచ్చు. తాళ్లు మార్చుకోవచ్చు. ఇంజినును బాగుచేయించుకోవచ్చు. ఆ ఖర్చులన్నీ రాసుకుని ధరలోంచి తగ్గించమని అడగొచ్చు. కానీ ఒళ్లంతా ‘డబ్’మనే తెప్పను సగం ధరకిచ్చినా తీసుకోకూడదు. మానాపురం సంతలో రైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. పళ్లూడిన ఎద్దును చవగ్గా ఇస్తానన్నా తలాడించి ముందుకెళ్లిపోతాడు. దాంతో దుక్కి సాగదని ఆయనకు తెలుసు. ఆ చెడ్డ ఎద్దు మహా అయితే చేలో కూలబడుతుంది. తెప్ప అలాక్కాదు... తీరం కనిపించని చోట, నలుగురు మనుషులను మోస్తున్నప్పుడు కూలబడుతుంది!