ఐరన్ లెగ్గు లెక్కలు

"ఆ అమ్మాయిది ఐరన్ లెగ్గండీ", "ఆయన మొహం ఫ్యామిలీ పాత్రలకే", "అది పోయిన సినిమా కదా, చూసేదేముంది?" ఎవరో ఒక శుక్రవారం మార్నింగ్ షో వదిలాక అన్న మాట సాయంత్రానికి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దిగి కృష్ణానగర్ టీ కొట్ల దాకా పాకుతుంది. అన్నవాడు మర్చిపోతాడు. మాట మాత్రం అన్పించుకున్న మనిషిని ఏళ్లతరబడి వదలదు. ఫిలింనగర్ దైవసన్నిధానంలో కొబ్బరికాయ కొట్టేటప్పుడు ఎవరు పక్కన ఉండాలో, ఎవరు ఉండకూడదో కూడా ఆ మాటే తేలుస్తుంది. "అంతమంది అనుభవజ్ఞులు నమ్ముతున్నారంటే అందులో ఏదో ఉండే ఉంటుంది" అని చదువుకున్నవాళ్లు సైతం సర్దిచెబుతుంటారు. ఉన్న మాట నిజమే. అది కాలిలో లేదు, కూడికలు తీసివేతల్లో ఉంది.

శ్రుతి హాసన్ సంగతే తీసుకుందాం. హిందీలో 'లక్' (2009), తెలుగులో 2011లో 'అనగనగా ఓ ధీరుడు', 'ఓ మై ఫ్రెండ్' – ఏదీ ఆడలేదు. ఐరన్ లెగ్ అనే ముద్ర పడిపోయింది. 2012 మేలో 'గబ్బర్ సింగ్' వచ్చింది, అదే కాలు గోల్డెన్ లెగ్ అయింది. ఇందులో వింత ఏమైనా ఉందా అన్నది కాగితం మీద తేల్చుకోవచ్చు. ఐదు సినిమాల్లో ఒకటి ఆడుతుందనుకుందాం; లెక్క కోసం పెట్టుకున్న అంకె ఇది, నిర్మాతల్ని అడిగితే అంత కూడా లేదంటారు. ఒకే రోజున వందమంది కొత్త హీరోయిన్లు పరిశ్రమలో అడుగుపెట్టారనుకోండి. మొదటి సినిమా పోయేది 80 మందికి. వాళ్లలో రెండోది కూడా పోయేది 64 మందికి. మూడోదీ పోయేది 51 మందికి. అంటే ఎవరి జాతకంలోనూ ఏ దోషమూ లేకుండా, కేవలం సినిమాలు ఆడటం అరుదు కాబట్టే, వందలో సగంమందికి పైగా ఐరన్ లెగ్గులు తయారవుతారు. మరోపక్క మొదటి రెండు సినిమాలూ వరసగా ఆడేవాళ్లు నలుగురుంటారు. వాళ్లు గోల్డెన్ లెగ్గులు. మూడో సినిమాకు ఆ నలుగురి అవకాశమూ ఐదింట ఒకటే కాబట్టి ముగ్గురికి అది పోతుంది, "దిష్టి తగిలింది" అంటారు. ఇటు 51 మందికీ నాలుగో అవకాశం ఇస్తే పదిమందికి హిట్టు తగులుతుంది. వాళ్లలో ఎవరైనా ఈలోపు పేరులో ఒక అక్షరం కలుపుకొని ఉంటే ఇక ఆ న్యూమరాలజిస్టు ఇంటి ముందు కార్లు ఆపడానికి చోటుండదు. అసలు చిక్కు ఆ "ఇస్తే" దగ్గరుంది. ముద్ర పడ్డాక నాలుగో సినిమా రాదు. అది రాకపోతే ముద్ర తప్పని తేలే దారీ ఉండదు. చివరికి "చూశావా, ఇంటికెళ్లిపోయింది" అనే మాట సాక్ష్యంగా మిగులుతుంది. అదే సినిమాలో హీరో, దర్శకుడు, కెమెరామన్ కూడా ఉన్నారు కదా, వాళ్ల కాళ్ల సంగతేమిటని మాత్రం ఎవరూ అడగరు.

అవకాశాలు ఆగిపోవడం ఒక నష్టం. ముద్ర అంతటితో ఆగదు, ఎదుట ఉన్నదాన్ని కంటికి అందకుండా చేస్తుంది. 1949లో అమెరికాలో జెరోమ్ బ్రూనర్, లియో పోస్ట్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 28 మంది విద్యార్థులకు పేకముక్కలు చూపించారు, ఒక్కోటీ చాలా కొద్దిసేపు. మామూలు ముక్కల మధ్య రంగు మార్చినవి కలిపారు: ఎర్ర ఇస్పేటు, నల్ల ఆటీను. మామూలు ముక్కను పోల్చుకోవడానికి సగటున సెకనులో వెయ్యోవంతులు 28 సరిపోయాయి. రంగు మార్చినదానికి 114 కావలసివచ్చింది, అంటే నాలుగు రెట్లు. ఆ తడబాటు కన్నా వాళ్లు చెప్పిన జవాబులు మరీ ఆసక్తికరం. ఎర్ర ఇస్పేటు ఆరును చూపిస్తే కొందరు తడుముకోకుండా ఆటీను ఆరు అన్నారు, కొందరు నల్ల ఇస్పేటు ఆరే అన్నారు. ఇంకొందరికి ఎరుపూ నలుపూ కలిసిన ఏదో ఊదారంగు కనిపించింది. వాళ్లెవరూ అబద్ధమాడలేదు. ఇస్పేటు నల్లగానే ఉంటుందన్న నమ్మకం కంటికన్నా ముందు వెళ్లి కూర్చుంది.

ఇప్పుడు జగపతిబాబును చూడండి. తొలి సినిమాల్లో ఆయన గొంతు పనికిరాదని వేరేవాళ్లతో డబ్బింగ్ చెప్పించారు. 'గాయం' (1993)లో గానీ సొంత గొంతు వినబడలేదు. 'శుభలగ్నం' (1994) తర్వాత ఇద్దరు హీరోయిన్ల మధ్య నలిగే భర్త అనే ముద్ర పడింది. 2014లో 'లెజెండ్' చూసినవాళ్లకు ఆ మొహంలో క్రౌర్యం, ఆ గొంతులో బెదిరింపు కనిపించాయి. అవి ఆ ఏడాది కొత్తగా మొలిచినవి కావు. పనికిరాదన్న గొంతే ఇప్పుడు విలన్‌గా ఆయనకు పెట్టుబడి. గోపీచంద్‌ది ఇంకా చిత్రం: 2001లో హీరోగా వచ్చి ఆడక, 'జయం', 'నిజం', 'వర్షం' సినిమాల్లో విలన్ అయి, 'వర్షం' వచ్చిన 2004లోనే 'యజ్ఞం'తో మళ్లీ హీరో అయ్యాడు. మూడేళ్లలో చీటీ రెండుసార్లు మారింది, మనిషి అతనే.

దీనికి పరిశ్రమలోవాళ్లు చెప్పే జవాబు తెలిసిందే. ముద్రలు లేకపోతే కోట్లు ఎవరి మీద పెట్టాలి? రోజూ వందమందిని కొత్త కళ్లతో చూస్తూ కూర్చునే తీరిక ఎవరికుంది? న్యాయమైన ప్రశ్నే. రీళ్ల కాలం గుర్తుచేసుకుంటే దీనికి జవాబు దొరుకుతుంది. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు ఆడుతుంది. రెండు ముప్పావు గంటల సినిమా అంటే పదిహేను రీళ్లు. ప్రతి రేకు డబ్బా మీదా సినిమా పేరు, రీలు నంబరు రాసిన చీటీ ఉండాలి. లేకపోతే ఆపరేటర్ మూడో రీలు తర్వాత పన్నెండోది ఎక్కిస్తాడు, పెళ్లిచూపులు కాకముందే పిల్లాడు బడికి వెళ్లొస్తాడు. కాబట్టి చీటీ కావాల్సిందే. అయితే ఆ డబ్బా వరసలో ఎక్కడిదో చెప్పడమే చీటీ పని, లోపలున్నది బాగుందో లేదో అది చెప్పదు. పాత సినిమా చీటీ చింపకుండా దాని మీదే కొత్తది అంటిస్తే, పైది ఊడినరోజు పాతదే రాజ్యమేలుతుంది. చీటీ లేని డబ్బా వస్తే పని తెలిసినవాడు మూత తీసి, ఫిల్మును అంచులతో పట్టుకుని వెలుతురుకు పెట్టి చూసేవాడు. పోలికను మరీ సాగదీస్తున్నాననిపించినా ఇంకొక్క అడుగు: మన పరిశ్రమలో చీటీలు చదివేవాళ్లకు ఎప్పుడూ కొరత లేదు, వెలుతురుకు పెట్టి చూసినవాళ్లు కొద్దిమంది.

ఆ కొద్దిమందిలో కె.వి. రెడ్డి ఒకరు. అంతకుముందు ఒక సినిమాలో కాసేపు కృష్ణుడిగా కనిపించినప్పుడు జనం మెచ్చలేదని, 'మాయాబజార్'లో ఆ వేషానికి ఎన్టీ రామారావే వెనకాడారు. రెడ్డిగారు పట్టుబట్టారు. పట్టుబట్టి ఊరుకోలేదు, దుస్తులు, నిలబడే తీరు అన్నిటి మీదా ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టించారు. "ఈయన కృష్ణుడికి సరిపోడు" అనే వాక్యాన్ని విడగొట్టి ఇందులో సరిపోనిది ఏమిటని అడిగినట్టే కదా అది. 1957 మార్చిలో సినిమా వచ్చింది. ఆ తర్వాత జరిగినది మరో రకం గుడ్డితనం: కృష్ణుడంటే ఎన్టీఆరే అని ఎంత గట్టిగా నాటుకుపోయిందంటే, ఆ కిరీటం ఇంకొకరు పెట్టుకుంటే తెలుగువాళ్ల కంటికి ఆనేది కాదు. 'శంకరాభరణం'లో కె. విశ్వనాథ్ చేసింది కూడా ఇలాంటి పనే. రెవెన్యూ శాఖ ఉద్యోగి సోమయాజులు ముఖ్యపాత్ర, అప్పటికి ప్రత్యేక నృత్యాలకే పేరుపడ్డ మంజుభార్గవి భక్తితో తల వంచుకునే తులసి. 1980 ఫిబ్రవరిలో విడుదలైనప్పుడు మొదట హాళ్లు ఖాళీ. మిగతా కథ అందరికీ తెలుసు. సినిమా అంటే మద్రాసే అనుకునే రోజుల్లో, 1970ల మధ్య, అక్కినేని హైదరాబాద్‌లోని 22 ఎకరాల రాళ్లగుట్టలో అన్నపూర్ణ స్టూడియోను చూడగలిగారు కాబట్టే ఇవాళ మనం ఫిలింనగర్ కబుర్లు చెప్పుకుంటున్నాం.

"గెలిచినవాళ్ల పేర్లే చెబుతున్నారు, పెద్దల అంచనాలు నిజమైన సందర్భాలు ఎన్ని లేవు?" అనవచ్చు. ఉన్నాయి. కానీ అనుభవం ఎక్కడ అక్కరకొస్తుందన్నదానికి ఒక కొలత ఉంది. నిపుణుల ఊహను శంకించే డానియల్ కానమన్, దాన్ని మెచ్చే గ్యారీ క్లైన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2009లో కలిసి రాసిన వ్యాసంలో ఏకీభవించిన సంగతి ఇది: పరిసరాల్లో నిలకడైన పద్ధతి ఉండాలి, చేసిన ప్రతి అంచనాకూ ఫలితం త్వరగా, స్పష్టంగా తెలుస్తూ ఉండాలి, అలా చాలాసార్లు జరగాలి. మంటలార్పేవాళ్లకు, చదరంగం ఆడేవాళ్లకు అది దొరుకుతుంది. రెండేళ్లకో సినిమా తీసే నిర్మాతకు దొరకదు. ఆ ఒక్క సినిమా పోవడానికి కూడా కథ, విడుదల తేదీ, పరీక్షలు, వాన, పోటీ సినిమా – వంద కారణాలు.

ఇక అన్నిటికన్నా గట్టి అభ్యంతరం: మిగతావి అభిప్రాయాలు కావచ్చు, ఫ్లాప్ మాత్రం అంకెలతో తేలిన నిజం కదా? నిజమే, కానీ ఆ నిజం దేని గురించి? నైజాంలో ఒక సినిమాను బయ్యర్ పది కోట్లకు కొన్నాడనుకోండి. షేర్ ఎనిమిది కోట్లు వచ్చింది. సినిమా పోయింది. అదే ఏరియాకు నాలుగు కోట్లకు అమ్మిన ఇంకో సినిమాకు ఆరు కోట్లు వచ్చింది. బ్లాక్‌బస్టర్. టికెట్ రేట్లు ఒకటే అయితే మొదటి సినిమాను చూసిన జనమే ఎక్కువ. అంటే ఫ్లాప్ అనే మాట ఒక బేరం గురించి చెబుతోంది, ఎంతకు కొన్నారు, ఎంత తిరిగొచ్చిందని. బయ్యర్‌కు అది ప్రాణసంకటమే, కాదనను. కానీ అతని ఖాతా పుస్తకంలో రాసుకున్న మాటను తెచ్చి తెర మీది బొమ్మకు తగిలించి, ఆ బేరంతో ఏ సంబంధమూ లేని మనం కూడా పది పదిహేనేళ్లు ఆ బొమ్మను చూడకపోవడం ఏం న్యాయం?

2010లో వచ్చిన 'ఖలేజా', 'ఆరెంజ్' రెండూ అలా పోయినవే. 2023లో 'ఆరెంజ్'ను, 2025 మే 30న 'ఖలేజా'ను మళ్లీ విడుదల చేస్తే కుర్రకారు ఎగబడి చూశారు. తప్పు దిద్దుకున్నామని సంబరపడేలోపే ఇంకో చీటీ తయారైంది: కల్ట్ క్లాసిక్. ఒకప్పుడు వాటిలో బాగున్నది చెబితే "పోయిన సినిమా గురించి ఏం మాట్లాడతావ్" అనేవారు, ఇప్పుడు వాటిలో బాగాలేనిది చెబితే "నీకు అర్థం కాలేదు" అంటున్నారు. దేవుణ్ణి కాదు మొర్రో అంటున్న ట్యాక్సీ డ్రైవర్‌ను ఒక ఊరంతా దేవుడని నమ్మడమే 'ఖలేజా' కథ. రావు రమేష్ ఆ నమ్మకాన్ని మోసిన తీరుకు సాటి లేదు. ప్రకాశ్‌రాజ్ పారిశ్రామికవేత్తగా వచ్చే భాగం హడావిడిగా తేలిపోయింది. రెండూ 2010లోనూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి.