సకినం పేలకుండా కరకరలాడాలంటే...

సంక్రాంతి వస్తోందంటే తెలంగాణ ఇళ్లలో ముందుగా బియ్యం నానతాయి. ఆ తర్వాత గిర్నీ ముందు క్యూలు, నేల మీద పరిచిన తెల్ల బట్ట, దాని చుట్టూ పీటలేసుకున్న అమ్మలక్కలు. ఇవాళ ఒకరింట్లో, రేపు ఇంకొకరింట్లో. సకినాలు ఒక్కరు చేసే పని కాదు మరి. ఆడపిల్లకు పంపే సారెలో అరిసెల పక్కన ఇవీ ఉండాల్సిందే.

అపార్ట్‌మెంట్లో ఆ సాయం ఎక్కడ దొరుకుతుంది? స్వీట్ షాపులో ఓ కిలో కొనేస్తే సరి అనుకుంటాం. సొంతంగా చేద్దామనుకునేవారికేమో నూనెలో పేలతాయేమోనన్న భయం. అది ఉత్త భయమేం కాదు. నేను మొదటిసారి ఒక్కదాన్నే చేసినప్పుడు మూడో వాయిలో ఒకటి టప్పున పేలి నూనె మోచేతి దాకా చిందింది. ఫోన్ చేస్తే అత్తమ్మ అడిగిన మొదటి మాట, ''బట్ట మీద ఎంతసేపు ఉంచినవ్ బిడ్డా?''

కిటుకంతా అక్కడే ఉంది. కాగిన నూనె తగలగానే సకినం పైభాగం గట్టిపడుతుంది. లోపలి తడి ఆవిరవుతుంది. అది బయటికొచ్చే దారి లేకపోతే పేలుతుంది. చెక్కలకు అక్కడక్కడా గాట్లు పెట్టేది ఇందుకే. సకినానికి గాట్లుండవు కాబట్టి ఆ పని బట్టే చేయాలి.

కిలో బియ్యాన్ని రాత్రంతా నానబెట్టి, నీళ్లు వడకట్టి, తడి మీదే పట్టించాలి. మిక్సీ అయితే కొద్దికొద్దిగా వేసి మెత్తగా జల్లించుకోవాలి. ప్యాకెట్లో దొరికే పొడిపిండి జోలికి మాత్రం వెళ్లకండి, చుట్టేటప్పుడు తెగిపోతుంది. పిండిలో పావుకిలో నువ్వులు, రెండు చెంచాల వాము, ఉప్పు వేసి నీళ్లు చిలకరిస్తూ కలపాలి. వేళ్ల మధ్య మెలిపెడితే తెగకుండా సాగాలి. ఆరిపోకుండా పైన తడిబట్ట కప్పాలి.

బట్ట మధ్యలో పసుపు గౌరమ్మను పెట్టి, చుట్టూ మూడు నాలుగు వరసలుగా సకినాలు చుట్టుకుంటూ పోవడమే. మొదటి పది వంకరగా వస్తాయి, నావి ఇప్పటికీ వస్తాయి! అరగంట నుంచి గంట ఆగితే బట్ట తడిని పీల్చేస్తుంది. విరగకుండా చేతికొస్తే వేయించొచ్చన్నమాట. మరీ ఆరితే పగుళ్లిస్తాయి.

చిటికెడు పిండి వేస్తే వెంటనే పైకి తేలాలి, నూనె అంత కాగాలి. మూకుడు అంచు నుంచి మెల్లగా జారవిడిచి ఓ అడుగు వెనక్కి జరగండి. పిల్లల్ని వంటింట్లోకి రానివ్వద్దు. బుడగలు తగ్గాయంటే లోపలి తడి పోయినట్టే. ఎర్రబడే దాకా ఉంచక్కర్లేదు, తెల్లగా ఉండగానే తీసేయాలి. పూర్తిగా చల్లారాకే డబ్బాకెత్తాలి, లేదంటే మెత్తబడతాయి. ఎంత జాగ్రత్తపడ్డా నూనె చిందిందా, కాలినచోట పేస్టులూ పిండీ రాయకుండా 20 నిమిషాలు కుళాయి నీళ్ల కింద పెట్టండి.

చివర్న కాస్త పిండి మిగులుతుందిగా! అందులో ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిర్చి, నానిన శనగపప్పు కలిపి నూనె రాసిన గిన్నెకు అద్ది, వేలితో చిల్లులు పెట్టి మూత వేస్తే సర్వపిండి. సకినాలు పండక్కి దాచుకున్నా, ఇది మాత్రం ఆ రాత్రికే ఖాళీ.